మల్బరీ వడియంలా విరగాలి

బేగంబజార్‌లో డ్రై ఫ్రూట్స్ దుకాణాల వరసలో ఒక గోనెసంచి ముందు ఆగిపోయాను. లేత గోధుమరంగులో, ఒళ్లంతా బుడిపెలతో, చిటికెనవేలి కొసంత ఎండు పండ్లు. ఏంటివని అడిగితే "తూత్, అఫ్గానీ మాల్" అన్నాడు దుకాణాయన. ఒకటి నోట్లో వేసుకున్నాను. తేనె, అంజూర, కాస్త బెల్లప్పాకం కలిసిన రుచి. పులుపన్నది లేదు. నములుతుంటే సన్న గింజలు పళ్ల కింద పటపటలాడాయి. ఆ గింజలతోనే గుర్తుపట్టాను. మల్బరీ!

నాకు చిన్నప్పట్నుంచీ మల్బరీ అంటే ఆకే. మాది హిందూపురం దగ్గర పల్లె. ఇంట్లో పట్టుపురుగుల పెంపకం ఉండేది. తెల్లారకముందే నాయన ఆకు కోసుకొస్తే, అవ్వ తట్టల్లో పురుగులకు పరిచేది. పురుగులు ఆకు తింటుంటే గదంతా చిరుజల్లు పడుతున్నట్టు చప్పుడు. ఆకు కోసం పెంచే తోటలో కొమ్మను ఎదగనివ్వరు. పంట పంటకీ కత్తిరించేస్తారు కాబట్టి పండు కళ్లబడేది తక్కువ. గట్టు మీద కత్తెర తగలని చెట్లు రెండో మూడో ఉండేవి. ఆ నల్లటి పండ్లు తిని, నోరూ గౌనూ ఊదారంగు చేసుకుని ఇంటికొస్తే అవ్వ కేకలేసేది. పుస్తకాల్లో కంబళి పండు అంటారు గానీ మేం మల్బరీ పండనే అనేవాళ్లం.

బేగంబజార్‌లో చూసింది తెల్ల మల్బరీ. అఫ్గానిస్తాన్, ఇరాన్, తుర్కియే వైపు చెట్టు కింద బట్టలు పరిచి, కొమ్మలు ఊపి, రాలిన పండును అక్కడి పొడి ఎండలో ఆరబెడతారు. తియ్యదనం ఎక్కువ, నీరు తక్కువ మిగులుతుంది కాబట్టి చలికాలమంతా తిండికి అక్కరకొస్తుంది. ఆ రోజు రెండు కిలోలు కొన్నాను. ధర బాదంపప్పును మించే ఉంది. అయినా బేరమాడబుద్ధి కాలేదు.

అప్పటికి నేను చాక్లెట్ పని మొదలుపెట్టి ఏడాదిన్నర. మల్కాజిగిరిలో మా మేడమీద గదిని శుభ్రం చేయించి, ఏసీ పెట్టించి, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ తీసుకుని చిన్నగా నడుపుతున్నాను. కోకో గింజలు ఏలూరు వైపు నుంచి తెప్పిస్తాను. అక్కడ కొబ్బరి తోటల్లో, పామాయిల్ తోటల్లో అంతరపంటగా కోకో వేస్తారు. గింజలు వేయించి, పొట్టు తీసి, పలుకుల్ని పంచదారతో కలిపి రాతి గ్రైండర్‌లో రెండు రోజులు తిప్పుతాను. మనం ఇడ్లీ పిండి రుబ్బుకునే వెట్ గ్రైండర్‌నే కాస్త మార్చి ప్రపంచమంతటా చిన్న చాక్లెట్ తయారీదార్లు వాడుతున్నారని చదివినప్పుడు, అత్తమ్మను పిలిచి మరీ చెప్పాను. ఆమె జనగామ మనిషి. "గట్లనా!" అని గ్రైండర్ మీద చెయ్యేసి నిమిరింది.

చాక్లెట్‌కు శత్రువు నీళ్లు. కరిగిన చాక్లెట్‌లో అర చెంచా నీళ్లు పడినా అది క్షణాల్లో గరుకు ముద్దయిపోతుంది. లోపలి పంచదార రేణువులన్నీ ఆ తడికి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే, "ఎండు పండే కదా, నీళ్లెక్కడివి" అనుకున్నాను. తర్వాతి ఆరు నెలలూ ఆ ఒక్క తప్పును దిద్దుకోవడానికే సరిపోయాయి.

మొదటిసారి 65 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్‌ను టెంపరింగ్ చేశాను. ఇదేంటో చెప్పాలి. కోకో బటర్ గడ్డకట్టేటప్పుడు ఆరు రకాల స్ఫటికాలుగా కట్టగలదు. మనకు కావాల్సింది అయిదో రకం. మెరుపు, విరిస్తే వచ్చే టక్కుమనే చప్పుడు, వేలికి అంటకుండా నాలుక మీద కరిగే గుణం, అన్నీ దానివే. అందుకు డార్క్ చాక్లెట్‌ను 45 డిగ్రీలు దాటేదాకా కరిగించి, 27 దాకా చల్లార్చి, మళ్లీ 31కి తీసుకురావాలి. ఈ లెక్క తప్పితే మర్నాడు బిళ్ల మీద బూడిదరంగు చారలు తేలతాయి. ఆ రోజు అన్నీ కుదిరాయి. అచ్చుల్లో పోసి, పైన మల్బరీలు చల్లాను. నల్లటి పలక మీద లేత బంగారు రంగు పండ్లు, చూడ్డానికి ఎంత బాగున్నాయో! ఫొటోలు తీసి అందరికీ పంపాను.

పది రోజులకు ఒక్కో పండు చుట్టూ తెల్లటి వలయం కట్టింది. మూడు వారాలకు పలక విరిస్తే చప్పుడు లేదు, వంగినట్టుగా తెగింది. పైన చల్లిన పండ్లు కొన్ని జిగటగా, కొన్ని రాయిలా తయారయ్యాయి. అది జూలై. గదిలో గాలి తేమ చూస్తే 70 శాతం పైన. ఏసీ నడిచినంతసేపూ ఫరవాలేదు, ఆపితే తేమ మళ్లీ పైకి.

ఆ పలకలు ముందేసుకుని కూర్చుంటే అత్తమ్మ వచ్చింది. సంచిలోంచి ఒక మల్బరీ తీసి రెండు వేళ్ల మధ్య నొక్కింది. వంచింది. అది తోలు ముక్కలా వంగింది తప్ప విరగలేదు.

"ఇది ఎండిందంటవా బిడ్డా? వడియమైతే టక్కున ఇరగాలె. ఇది సాగుతున్నది సూడు."

ఆ మాటతో నాకు మొత్తం అర్థమైంది. పండు కుళ్లకుండా నిలవడానికి ఎంత ఎండాలో అంతే ఎండింది. చాక్లెట్‌లో ఉండాలంటే ఆ ఎండు చాలదు. చాక్లెట్‌లో నీరు ఒక శాతం లోపే. పండులో అంతకు ఎన్నో రెట్లు. రెండింటినీ పక్కపక్కన పెడితే, పండులోని తేమ నెమ్మదిగా చాక్లెట్‌లోకి దిగి, అక్కడి పంచదారను కరిగించి పైకి తెస్తుంది. ఆ తెల్ల వలయం అదే.

నాచారంలో ఒక ల్యాబ్‌లో రెండు శాంపిళ్లు ఇచ్చాను. వాళ్లు కొలిచింది వాటర్ యాక్టివిటీ. పదార్థంలో ఎంత నీరుందన్నది కాదు, ఆ నీటికి కదిలే స్వేచ్ఛ ఎంతుందన్నది దీని లెక్క. మంచినీళ్లకు 1. 0.6 కంటే దిగువన బూజు పెరగదు. నా మల్బరీకి 0.58 వచ్చింది. అంటే తినడానికి నిక్షేపంగా ఉంది, దుకాణాయన నన్ను మోసం చెయ్యలేదు. చాక్లెట్‌కు మాత్రం 0.35 వచ్చింది. ఈ రెండు అంకెల మధ్య ఎడమే నా కష్టమంతా. ఎత్తు నుంచి పల్లానికి నీరు పారినట్టు, పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు తేమ కదులుతుంది.

అప్పట్నుంచి మల్బరీలను నేనే మళ్లీ ఎండబెడుతున్నాను. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే ఎండ దీనికి బ్రహ్మాండంగా పనికొస్తుంది గానీ మేడమీద దుమ్ము, పావురాలు, ఈగలు. అమ్మే సరుకుకు అది కుదరదు. అందుకని డీహైడ్రేటర్, అంటే వేడిగాలితో తేమ తీసే యంత్రం, కొన్నాను. 70 డిగ్రీలు పెడితే తొందరగా ఎండుతాయనుకున్నాను. రంగు ముదిరి, మాడిన పాకం చేదు వచ్చింది. ఈ పండులో ఉన్నది ఎక్కువగా గ్లూకోజ్, ఫ్రక్టోజ్. ఫ్రక్టోజ్ వేడికి తొందరగా రంగు మారుతుంది. 55 డిగ్రీల దగ్గర తొమ్మిది గంటలు పెడితే సరిపోయింది. కిలో వేస్తే 905 గ్రాములు తేలింది. ఆ 95 గ్రాముల నీళ్లే నా పలకల్ని పాడుచేసింది.

ఒక చిక్కు ఉంది. వేడిగా ఉన్నప్పుడు తీసి వంచితే పండు ఇంకా మెత్తగానే ఉంటుంది. ఎండలేదనుకుని మరో మూడు గంటలు పెట్టి పాడుచేసుకున్నాను ఒకసారి. చెక్కర పాకం వేడిలో సాగి, చల్లారాక గట్టిపడదూ, ఇదీ అంతే. నాలుగు పండ్లు బయటికి తీసి, పది నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు విరవాలి. టక్కుమంటే అయినట్టు. ఆ పరీక్ష అత్తమ్మది. థర్మామీటర్లు, ల్యాబ్ కాగితాలు ఎన్ని ఉన్నా ఈ రోజుకీ ప్రతి ట్రే నుంచి నాలుగు పండ్లు విరిచి చెవి దగ్గర పెట్టుకుని వింటాను. ఇలా ఎండిన శాంపిల్‌కు ల్యాబ్‌లో 0.40 వచ్చింది. చాక్లెట్ పక్కన పెట్టడానికి అది చాలు.

కాకపోతే ఇంత ఎండిన పండుకు దాహం ఎక్కువ. వానాకాలంలో పళ్లెంలో అరగంట వదిలేస్తే అప్పడంలా మెత్తబడిపోతుంది. ట్రే చల్లారీ చల్లారకముందే గాలి చొరబడని డబ్బాలోకి ఎత్తేయాలి. పలక పైన చల్లడం కూడా అందుకే మానేశాను. ఫొటోలో ఎంత అందంగా ఉన్నా, గాలి తగిలేచోట మల్బరీ నిలవదు. ఇప్పుడు పండ్లను ముందుగా కొద్దిపాటి కరిగిన కోకో బటర్‌లో దొర్లించి, ఆరాక, చాక్లెట్‌లో పూర్తిగా మునిగేట్టు కలిపి అచ్చు పోస్తాను. కొవ్వు పొర పండును తడి నుంచి కాస్తుంది. కొన్నవాళ్లకు పైకి మామూలు పలకే కనిపిస్తుంది, కొరికాకే పండు తగులుతుంది. అలా తగలడమే నాకు నచ్చింది.

ఇక చెప్పడానికి బరువుగా ఉండే విషయం. ఈ ఎండబెట్టడం ఒక దారికొచ్చిన కొత్తలో ఒక గృహప్రవేశానికి రిటర్న్ గిఫ్టులుగా 120 పలకల ఆర్డర్ వచ్చింది. పలకలిచ్చిన అయిదు వారాలకు ఆ ఇంటావిడ ఫోన్ చేశారు. "అమ్మా, మా ఆడపడుచు ఇంట్లో ఒక పలక విప్పితే లోపల దారాలు ఉన్నాయట. చిన్న పురుగు కూడా ఉందట" అన్నారు. కోపంగా కూడా అనలేదు. మెల్లగా, నలుగురిలో పోయిన పరువును కూడదీసుకుంటున్నట్టు అన్నారు. నాకు కాళ్లలో బలం లేదు. మర్నాడే వెళ్లి, మొత్తం డబ్బు తిరిగిచ్చి, ఎవరెవరికి ఇచ్చారో అడిగి, వీలైనన్ని వెనక్కి తెచ్చుకున్నాను. ఆవిడ వద్దంటున్నా డబ్బు అక్కడ పెట్టి వచ్చాను.

ఆ పలక ఇంటికి తెచ్చి దీపం కింద చూశాను. మల్బరీ చుట్టూ సన్నటి పట్టుదారాల గూడు. బియ్యం, పప్పులు, డ్రై ఫ్రూట్స్‌లో చేరే చిన్న చిమ్మట ఉంటుంది, ఇండియన్ మీల్ మాత్ అంటారు. దాని పిల్ల పురుగు నేసిన దారాలవి. నేను పుట్టింది పురుగు తీసే దారంతో అన్నం తిన్న ఇంట్లో. చంద్రికలనే వెదురు తడకల మీద పురుగు గూడు కట్టడం మొదలుపెట్టిందంటే ఇంట్లో పండగలా ఉండేది. ఆ దారాల్ని ఇక్కడ, నేను చేసిన తిండిలో చూసి చాలాసేపు ఏడ్చాను.

గుడ్లు పండుతోపాటే వచ్చి ఉండాలి. కంటికి కనబడవు. 55 డిగ్రీల దగ్గర అన్ని గంటలుంటే బతికే అవకాశం తక్కువే గానీ, ఆ ఆర్డర్‌కు సరుకు చాలక ఆఖరి కిలోన్నరను సగం సేపే ఎండబెట్టాను. పైగా ఎండాక డబ్బాలు చాలక ఒక సంచిని మూతి ముడేసి అలమారలో ఉంచాను. తప్పు ఎక్కడ జరిగిందో వెతకాల్సిన పని లేకుండా నాకే తెలుసు.

ఇప్పుడు సరుకు ఇంటికి రాగానే గట్టి కవర్లలో గాలి పోకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో వారం రోజులు ఉంచుతాను. గుడ్డైనా, పురుగైనా ఆ చలికి పోతుంది. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకూడదు. చల్లటి పండు మీద గదిలో గాలి తగిలితే మంచుబొట్లలా నీరు పడుతుంది, ఎండబెట్టే పని రెట్టింపవుతుంది. రాత్రి తీసి పెట్టి పొద్దున్నే విప్పుతాను. తర్వాత చేటలో పోసి చెరగడం, ఏరడం. ఇది అత్తమ్మ పని. వద్దన్నా ఇంకొకరికి ఇవ్వదు. ప్రతి పండుకూ చిన్న తొడిమ ఉంటుంది, దాన్ని గిల్లేయాలి. లేకపోతే చాక్లెట్ కరిగిపోయాక నోట్లో పుల్ల మిగులుతుంది. నేల మీద ఎండిన పండు కాబట్టి ఇసుక, అప్పుడప్పుడూ చిన్న రాయి. మెత్తని చాక్లెట్‌లో రాయి తగిలితే పన్ను పోతుంది. కిలో ఏరడానికి గంటకు పైనే. కడగొచ్చు కదా అని అడుగుతారు. కడిగితే పైనున్న తియ్యదనం కరిగి పండ్లన్నీ ఒక ముద్దగా అతుక్కుంటాయి, ఎండబెట్టడం మొదటికొస్తుంది. చేటకు మించిన దారి నాకు దొరకలేదు.

మధ్యలో ఒక ఆశ కూడా పుట్టింది. పంచదార పూర్తిగా మానేసి మల్బరీ పొడితోనే తీపి తేవాలని. కోకో పలుకులు మెదిగి జారుగా అయ్యాక పొడి కొద్దికొద్దిగా వేశాను. గంట బాగానే తిరిగింది. తర్వాత గ్రైండర్ శబ్దం మారింది. మూత తీస్తే చిమ్మిలి ముద్దలా గట్టిగా అయిపోయి రాళ్లను పట్టేసింది, బెల్టు కాలిన వాసన. పంచదార తడి లేని స్ఫటికం, మెదిగినా విడివిడిగా ఉంటుంది. మల్బరీ పొడిలో తీపితోపాటు పీచు ఉంది, గాలిలోంచి లాక్కున్న తేమ ఉంది. అవి కొవ్వును పీల్చి, చక్కెరను జిగురు చేశాయి. ఆ ముద్దను రాళ్ల నుంచి గీకడానికి ఒక పూట పట్టింది. పంచదార లేని మల్బరీ చాక్లెట్ అని ఎవరైనా అడిగితే, నా దగ్గరున్న యంత్రంతో చెయ్యలేనని ఉన్నమాట చెప్పేస్తాను.

గీకిన ముద్దను పారేయబుద్ధి కాక ఒక ఉండ చేసి తిన్నాను. రుచి అమోఘం. అప్పుడే ఇంకో దారి తట్టింది. అఫ్గాన్లు ఎండు మల్బరీని అక్రోటు కాయలతో కలిపి దంచి తల్ఖాన్ అనే తిండి చేసుకుంటారు. ప్రయాణాలకు, చలికాలానికి నిలవ. మన సున్నుండలకు, నువ్వుండలకు దూరపు చుట్టం. అందులో నీటిచుక్క ఉండదు. పొడిని పట్టి ఉంచేది అక్రోటులోని నూనె. చాక్లెట్‌కు కావాల్సింది సరిగ్గా అలాంటిదే కదా!

టక్కున విరిగేలా ఎండిన మల్బరీ రెండు పాళ్లు, సన్నసెగ మీద వేయించి చల్లార్చిన అక్రోటు ఒక పాలు, చిటికెడు ఉప్పు. రోట్లో దంచితే బాగా వస్తుంది. మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పాలి, లేదంటే వేడికి నూనె కక్కుతుంది. అత్తమ్మ గోళీలంత ఉండలు కడితే నేను డార్క్ చాక్లెట్‌లో ముంచి తీస్తాను. పండు పులుపు లేనిది కాబట్టి మిల్క్ చాక్లెట్‌తో చేస్తే తీపి మీద తీపై మొహం మొత్తుతుంది. ఏలూరు కోకోకు ఉన్న పండ్ల పులుపు, ఆ చిటికెడు ఉప్పు కలిస్తేనే మల్బరీ తన రుచి చెబుతుంది. దీనికీ ఒక ఇబ్బంది ఉంది. అక్రోటు నూనె మెల్లగా చాక్లెట్ పెంకులోకి ఊరి, రెండో నెలలో పైన మసకబారుతుంది. అందుకే నిలవ 45 రోజులేనని కవరు మీద రాస్తాను. అక్రోటు పడనివాళ్లు ఉంటారు, వాళ్లకోసం ఆ హెచ్చరికా పెద్ద అక్షరాల్లోనే.

పలకల మీద పేరు రాసేటప్పుడు కూడా కొలత ఉంది. పండ్లు, గింజలు కలిపిన దాన్ని మన నిబంధనల్లో కాంపోజిట్ చాక్లెట్ అంటారు. అందులో చాక్లెట్ బరువులో కనీసం 60 శాతం ఉండాలి. నేను మల్బరీ 18 శాతానికి మించి వెయ్యను. అంతకంటే ఎక్కువేస్తే పలక ముక్కలు ముక్కలుగా రాలుతుంది.

గృహప్రవేశం ఆవిడకు మొన్న దసరాకు ఒక డబ్బా ఉండలు తీసుకెళ్లాను. తీసుకుంటారో లేదో అనుకున్నాను. మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, నా ఎదుటే ఒకటి కొరికారు. ఫ్రీజర్ గురించి, చేట గురించి చెబుతుంటే శ్రద్ధగా విన్నారు. ఈ సంక్రాంతికి 40 డబ్బాలు కావాలని నిన్న ఫోన్ చేశారు.

నాయన వచ్చినప్పుడు పలకా, ఉండా రెండూ పెట్టాను. చాలాసేపు నమిలి, "గింజ బాగా తగుల్తాంది" అన్నాడు. ఇంత దూరం నుంచి వచ్చిన పండు ఇదని చెబితే, "మనూళ్లో ఆకు కోసం కొట్టేస్తిమి గదమ్మా, పండు ముఖమే చూడకపోతిమి" అన్నాడు. మా గట్టు పండుతో ఒకసారి ప్రయత్నించానని చెప్పాను. రెండు కిలోల నల్ల పండు ఎండబెడితే 350 గ్రాములు కూడా రాలేదు, సగం బూజు పట్టింది. కోసిన రోజు కాకుండా బస్సులో ఒక రాత్రి ప్రయాణం చేశాక ట్రేల్లో పెట్టడం వల్లే అలా అయిందని ఇప్పుడు తెలుస్తోంది. దానికి ఉన్న పులుపు తెల్ల మల్బరీకి లేదు. ఆ పులుపు డార్క్ చాక్లెట్‌లో ఎలా ఉంటుందోనన్న ఊహ నన్ను వదలడం లేదు.

పోయిన వారం నాయన ఫోన్ చేశాడు. గట్టు వెంబడి నాలుగు చెట్లను ఈసారి కత్తిరించకుండా వదిలేశాడట. పండుకొచ్చే నాటికి డీహైడ్రేటర్‌ను ఊరికే తీసుకెళ్లాలి. కోసిన పూటే ట్రేల్లో పరచాలి. అత్తమ్మ కూడా వస్తానంటోంది, తన చేట వెంట తెచ్చుకుంటుందట.